ఫార్మాట్ కొట్టాక ఆగిపోయే అప్‌డేట్లు



ఇంట్లో పాత కంప్యూటర్ బాగా నెమ్మదించిందనుకోండి. షాపుకు తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించి, విండోస్ మళ్లీ వేయిస్తాం. తిరిగొచ్చిన సిస్టమ్ కొన్నాళ్లు హుషారుగానే నడుస్తుంది. ఆ తరువాత అప్‌డేట్ల దగ్గర పేచీ మొదలవుతుంది. విండోస్ 7 అయితే, అప్‌డేట్ల కోసం వెతుకుతున్నానంటూ ఒక పచ్చగీత తెర మీద పరుగులు పెడుతూనే ఉంటుంది. తెల్లవారినా ఒక్క అప్‌డేటూ దొరకదు. లేదంటే అంకెలూ అక్షరాలూ కలిసిన ఎర్రర్ నంబరు ఒకటి చూపించి ఆగిపోతుంది. విండోస్ 10 అయితే ఒకే అప్‌డేట్‌ను దించుకుంటుంది, రీస్టార్ట్ అవుతుంది, కుదరలేదంటుంది. మర్నాడు మళ్లీ అదే తంతు.

ఇలాంటప్పుడు చాలాచోట్ల చెప్పే వైద్యం ఒకటే. "మీ సిస్టమ్ పాతది సార్, తట్టుకోలేదు. అప్‌డేట్లు ఆపేస్తాను, గొడవ వదిలిపోతుంది." ఈ మాట నమ్మవద్దని చెప్పడానికే ఇవాళ మీతో మాట్లాడుతున్నాను. ఫార్మాట్ తరువాత అప్‌డేట్లు ఆగిపోవడానికి కంప్యూటర్ వయసు కారణం కావడం తక్కువ. ఏ డిస్కుతోనో, ఏ పెన్‌డ్రైవ్‌తోనో విండోస్ వేశారే, దాని వయసు చూడాలి.

విండోస్ 7 విడుదలైంది 2009 అక్టోబర్‌లో. దానికి సర్వీస్ ప్యాక్ 1 వచ్చింది 2011 ఫిబ్రవరిలో. ఇవాళ్టికీ బల్ల సొరుగుల్లో దొరికే విండోస్ 7 డిస్కులు ఎక్కువగా ఆ సర్వీస్ ప్యాక్ 1 డిస్కులే. దాంతో విండోస్ వేశారంటే మీ కంప్యూటర్ ఆ రోజు 2011కి వెళ్లిపోయిందన్నమాట. ఫార్మాట్‌కు ముందు అది ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న దిద్దుబాట్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. అవతల మైక్రోసాఫ్ట్ సర్వర్లు మాత్రం ఇవాళ్టి పద్ధతుల్లో మాట్లాడుతున్నాయి. ఆ మాట ఈ 2011 విండోస్‌కు అర్థం కాదు. మధ్యలో జరిగినవి దానికి ఒక క్రమంలో నేర్పితే తప్ప అప్‌డేట్లు కదలవు.

అప్‌డేట్లు లేకపోతే ఏమవుతుందిలే అనుకునేవారికి 2017 మే నెల గుర్తుచేస్తాను. ఆ నెల 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది. సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పని స్తంభించింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆ వైరస్ దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, విడుదల చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 యంత్రాలే. ఇప్పుడు ఆలోచించండి. 2011 నాటి డిస్కుతో ఇవాళ విండోస్ వేసి, అప్‌డేట్లు ఆపేసి, నెట్ కలిపితే ఆ కన్నం మళ్లీ బార్లా తెరిచి పెట్టినట్టే. ఆ డిస్కుకు వానాక్రై సంగతే తెలియదు.

సరే, అప్‌డేట్ ఆగింది. ఎక్కడ మొదలుపెట్టాలి? తెరకు కుడివైపు కింద మూలన తేదీ ఉంటుంది. ముందు అది చూడండి. మరీ చిన్న విషయంలా ఉంది కదూ? కానీ పాత డెస్క్‌టాప్‌లలో సగం చిక్కు ఇక్కడే తేలిపోవడం చూశాను. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. సీఆర్ 2032 అంటారు, మూడు వోల్టులది. కరెంటు తీసేసినా గడియారం నడిచేది దాని వల్లే. అది అయిపోయిందంటే, ప్లగ్గు తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ ఆ బోర్డు తయారైన కాలానికి జారిపోతుంది. అప్‌డేట్ సర్వర్‌ను కలిసేటప్పుడు విండోస్ దాని సర్టిఫికెట్ చూస్తుంది. ఆ సర్టిఫికెట్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో అందులో రాసి ఉంటుంది. మీ గడియారం 2009 అంటుంటే, ఇవాళ్టి సర్టిఫికెట్ ఇంకా అమల్లోకే రాలేదని విండోస్ దాన్ని తోసిపుచ్చుతుంది. చాలామంది గంటలూ నిమిషాలూ సరిచేసి సంవత్సరం చూడకుండా వదిలేస్తారు. సంవత్సరం చూడండి. టైమ్ జోన్ భారతదేశానికి ఉందో లేదో చూడండి. మర్నాడు మళ్లీ తేదీ జారితే బ్యాటరీ మార్పించండి. అది ఖరీదైన వస్తువేమీ కాదు.

తేదీ సరిగానే ఉంది, అయినా పచ్చగీత ఆగడం లేదు. అలాంటప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ఎస్‌వీసీహోస్ట్ అనే ప్రోగ్రామ్ ఒకటి ప్రాసెసర్‌ను, మెమరీని మింగేస్తూ కనిపిస్తుంది. వైరస్ కాదది, విండోస్ అప్‌డేటే. సర్వీస్ ప్యాక్ 1 తరువాత వచ్చిన అప్‌డేట్లు వందల్లో ఉన్నాయి. వాటిలో కొన్ని ముందు వచ్చినవాటిని రద్దు చేస్తాయి, వాటిని ఇంకొన్ని రద్దు చేస్తాయి. ఏది దేన్ని రద్దు చేసిందో పోల్చి చూసి, మిగిలినవే మీ ముందు పెట్టాలి. 2011 నాటి అప్‌డేట్ ప్రోగ్రామ్ ఈ పోలిక చాలా నిదానంగా చేస్తుంది. రెండు జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్‌లో ఆ పనికే ఊపిరి సలపదు. మైక్రోసాఫ్ట్ ఈ లోపం గుర్తించి, వేగంగా వెతకగలిగే కొత్త అప్‌డేట్ ప్రోగ్రామ్‌ను 2016లో ఇచ్చింది. చిక్కేమిటంటే ఆ కొత్తది అప్‌డేట్ రూపంలోనే వస్తుంది, దాన్ని వెతికి తెచ్చుకోవలసింది ఈ పాతదే. రాత్రంతా వదిలేసి చూడడం వల్ల ప్రయోజనం లేదు. మనమే చేత్తో తెచ్చి పెట్టాలి.

ఇంతకంటే పెద్ద అడ్డు సంతకం దగ్గర ఉంది. దీని గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే ఎక్కువమందిని తికమకపెట్టేది ఇదే.

నెట్ నుంచి వచ్చిన ఫైలు నిజంగా మైక్రోసాఫ్ట్ పంపిందేనా, దారిలో ఎవరైనా మార్చారా అని విండోస్ ఎలా తెలుసుకుంటుంది? ప్రతి ఫైలు నుంచి గణిత పద్ధతిలో ఒక పొడవాటి సంఖ్య తీస్తారు. మనిషికి వేలిముద్ర ఎలాగో ఫైలుకు ఆ సంఖ్య అలాగ. ఫైలులో ఒక్క అక్షరం మారినా సంఖ్య మొత్తం మారిపోతుంది. ఆ సంఖ్య మీద మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం చేస్తుంది. 1995లో వచ్చిన షా-1 అనే పద్ధతిలో ఈ సంఖ్య 160 బిట్ల పొడవు. చాలా ఏళ్లు లోకమంతా దాన్నే నమ్మింది. 2005లో చైనా గణితవేత్త వాంగ్ షియావ్‌యున్, ఆమె సహచరులు అందులో బలహీనత ఉందని చూపించారు. 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థ, గూగుల్ కలిసి రెండు వేర్వేరు పీడీఎఫ్ ఫైళ్లు తయారుచేసి, రెండింటికీ ఒకే షా-1 సంఖ్య వచ్చేలా చేసి చూపించాయి. దాంతో అందరూ అంతకంటే గట్టిదైన షా-2 వైపు మళ్లక తప్పలేదు.

మైక్రోసాఫ్ట్ 2019లో విండోస్ 7 అప్‌డేట్ల మీద షా-2 సంతకం మాత్రమే పెట్టడం మొదలుపెట్టింది. 2020 ఆగస్టులో పాత షా-1 పద్ధతిలో పలికే అప్‌డేట్ సర్వర్లను మూసేసింది. అప్పటికే షా-2 సంతకాన్ని గుర్తించడం నేర్చుకున్న విండోస్ 7 యంత్రాలకు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ తరువాత ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లకే వచ్చింది. నిన్నటిదాకా సాఫీగా అప్‌డేట్ అయిన సిస్టమ్ ఫార్మాట్ కాగానే మొండికేసిందంటే కారణం ఇదే. 80072ఈఎఫ్‌ఈ అన్న ఎర్రర్ కనిపిస్తే సర్వర్‌తో కలయికే కుదరలేదని అర్థం చేసుకోండి. 80092004 అని వస్తే, ఫైలు చేతికి వచ్చింది కానీ దాని మీది సంతకం పోల్చుకోలేకపోయిందని. మొదటిది చూసి చాలామంది రూటర్ మారుస్తారు, నెట్ కంపెనీకి ఫోన్ చేస్తారు. నెట్‌లో తప్పేమీ ఉండదు.

దీనికి మందు ఉంది. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి, మూడు నంబర్లు మెల్లగా చెబుతాను. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ అని ఆ సంస్థ సొంత వెబ్‌సైటు ఒకటుంది. ఏ అప్‌డేట్‌నైనా నంబరు కొట్టి అక్కడి నుంచి దించుకోవచ్చు. ఇంకెక్కడి నుంచీ దించుకోవద్దు. మొదటి నంబరు కేబీ 4490628. అప్‌డేట్లను ఎక్కించే యంత్రాంగాన్నే సరిచేసేది ఇది. రెండోది కేబీ 4474419. షా-2 సంతకాన్ని పోల్చుకోవడం నేర్పేది. మూడోది కేబీ 3138612. ఇందాక చెప్పిన, వేగంగా వెతికే అప్‌డేట్ ప్రోగ్రామ్. ఇదే వరుసలో వేయాలి. ప్రతిదాని తరువాతా, అడిగినా అడగకపోయినా, రీస్టార్ట్ చేయండి. వీటన్నిటికీ ముందు సర్వీస్ ప్యాక్ 1 ఉండాలి. స్టార్ట్ మెనూలో విన్‌వెర్ అని కొడితే వచ్చే చిన్న కిటికీలో 7601 అని ఉంటే ఉన్నట్టు, 7600 అని ఉంటే లేనట్టు.

ఇది చెప్పినంత తేలిగ్గా సాగకపోవచ్చు. గుంటూరు జిల్లాలో డీటీపీ పని చేసే ఒకాయన సంగతి చెబుతాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఆలయాల సావనీర్లు ఆయన పని. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పేజ్‌మేకర్‌కు 2001 తరువాత కొత్త వెర్షన్ రాలేదు. అయినా తెలుగు డీటీపీ సెంటర్లు ఎన్నో ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి. ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లన్నీ అందులో ఉన్నాయి మరి. "కొత్త కంప్యూటర్ కొనుక్కోవచ్చు కదండీ" అని ఆయనతో అనడం సులువే. ఆ ఫైళ్లు అక్కడ తెరుచుకోకపోతే పెళ్లివారికి ఏం చెప్పాలి?

ఆయన సిస్టమ్ ఫార్మాట్ అయింది. ఎర్రర్ 80072ఈఎఫ్‌ఈ. తేదీ సరిగ్గానే ఉంది. కేటలాగ్ వెబ్‌సైటు తెరుద్దామంటే విండోస్ 7తో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 తెరవలేకపోయింది. ఇవాళ్టి వెబ్‌సైట్లు అడిగే టీఎల్‌ఎస్ 1.2 అనే భద్రతా పద్ధతి అందులో మామూలుగా ఆన్‌లో ఉండదు. అందుకని ఇంట్లో అమ్మాయి లాప్‌టాప్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నారు. ఫైలు నొక్కగానే, ఈ అప్‌డేట్ మీ కంప్యూటర్‌కు వర్తించదని వచ్చింది. ఇక మన వల్ల కాదని ఆయన ఆపేసేవారే. చూస్తే దించింది ఎక్స్64 ఫైలు, ఆయన విండోస్ 32 బిట్‌ది. కేటలాగ్‌లో ఒక్కో నంబరుకు వరుసగా నాలుగైదు ఫైళ్లు కనిపిస్తాయి. 32 బిట్ విండోస్‌కు ఎక్స్86 అని రాసి ఉన్నది, 64 బిట్‌కు ఎక్స్64 అని ఉన్నది తీసుకోవాలి. సర్వర్ అన్న మాట ఉన్నవి మనవి కావు. మీది ఎన్ని బిట్లదో కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ అనే చోట ఉంటుంది.

సరైన ఫైలు తెచ్చాక ఇంకో అడ్డు. నొక్కితే, ఈ కంప్యూటర్‌లో అప్‌డేట్లు వెతుకుతున్నానంటూ మళ్లీ అదే పచ్చగీత. చేత్తో తెచ్చిన ఫైలు కూడా వెనకాల ఆ పాత అప్‌డేట్ సర్వీస్‌నే పిలుస్తుంది, అది ఇంకా తన వెతుకులాటలోనే ఉంటుంది. నెట్ కేబుల్ పీకేశాం. అప్‌డేట్ సెట్టింగుల్లో ఎప్పుడూ వెతకవద్దు అన్నది తాత్కాలికంగా ఎంచుకుని, రీస్టార్ట్ చేసి, సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్‌ను ఆపి, వెంటనే ఫైలు నొక్కాం. ఎక్కింది. మూడూ అయ్యాక కేబుల్ పెట్టి, సెట్టింగ్ మళ్లీ మామూలుగా మార్చి వెతకమంటే ఈసారి జాబితా వచ్చింది. ఆయనకు సంతోషం కలిగించింది ఇంకొకటి. రూపాయి చిహ్నం మనకు 2010 జులైలో వచ్చింది, విండోస్ 7 అంతకు ముందే మార్కెట్లోకి వచ్చేసింది. ఆ చిహ్నం చూపించే ఏర్పాటు తరువాత అప్‌డేట్‌గా ఇచ్చారు. ఫార్మాట్ నాటి నుంచి ఆయన ఎక్సెల్ బిల్లుల్లో రూపాయి గుర్తుకు బదులు ఖాళీ గడి కనిపిస్తోంది. అప్‌డేట్లు ఎక్కాక ఆ గడి పోయి గుర్తు వచ్చింది.

జాబితాలో వందకు పైగా అప్‌డేట్లు కనిపిస్తే అన్నీ ఒకేసారి టిక్ పెట్టవద్దు. పాత హార్డ్ డిస్కున్న సిస్టమ్ మీద అది పెద్ద భారం. రీస్టార్ట్‌లో అప్‌డేట్లు కుదరలేదు, మార్పులు వెనక్కి తీసుకుంటున్నాను, కంప్యూటర్ ఆపవద్దు అని వస్తుంది. ఆ తెర మీరు చూసే ఉంటారు. ఇక్కడే చాలామంది విసుగెత్తి స్విచ్ కట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కొత్త ఫైళ్లు కొన్ని ఎక్కి కొన్ని ఎక్కకపోతే విండోస్ సగం కొత్తదీ సగం పాతదీ అయి కూర్చుంటుంది. అలా జరగకుండా మొత్తాన్ని పాత స్థితికి తీసుకెళ్లే పని అది. పాత డిస్కు మీద గంటకు పైనే పట్టవచ్చు. దాన్ని మధ్యలో ఆపితేనే మళ్లీ ఫార్మాట్ దాకా పోతుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లకు కరెంటు పోతే ఇదే గతి. కనుక కరెంటు కోత వేళ చూసుకుని మొదలుపెట్టండి, లాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచండి. అప్‌డేట్లు పదేసి చొప్పున వేయండి. డాట్‌నెట్ అని పేరున్నవాటిని విడిగా వేయండి. ఎక్కడో ఒకచోట ఆగితే, ఆగింది ఏ ఒక్కటో తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ పేరు మార్చేస్తే అన్నీ సర్దుకుంటాయని చాలామంది చెబుతారు. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఉంటుందది. దించుకున్న అప్‌డేట్లు, వాటి లెక్కలు అందులో ఉంటాయి. అవి చెడిపోతే, సర్వీస్ ఆపి ఆ ఫోల్డర్ పేరు మార్చి మళ్లీ మొదలుపెడితే నిజంగానే గుణం కనిపిస్తుంది. మీ సొంత ఫైళ్లకు ప్రమాదం లేదు. కానీ సంతకం పోల్చుకోలేక ఆగిన సిస్టమ్‌కు దీంతో ఒరిగేదేమీ ఉండదు. తేదీ, ఆ మూడు నంబర్లు అయ్యాకే దీని జోలికి వెళ్లండి.

ఇవన్నీ చేసినా, ఒకసారి 15 శాతం దగ్గర, ఇంకోసారి 70 శాతం దగ్గర, ఇలా ఆగే చోటు మారుతూ ఉంటే అప్పుడు హార్డ్‌వేర్‌ను అనుమానించాలి. మామూలు వాడకంలో కనపడని డిస్కు లోపం అప్‌డేట్లప్పుడు బయటపడుతుంది. వేల కొద్దీ చిన్న ఫైళ్లు రాయాలి కదా. ముందు మీ ఫొటోలు, కాగితాలు వేరేచోట దాచుకుని, చెక్‌డిస్క్ నడపండి. మెమరీని పరీక్షించే పనిముట్టు విండోస్‌లోనే ఉంది. డిస్కు పోతోందని తేలితే సాటా ఎస్ఎస్‌డీ వేయించండి. పాత సిస్టమ్ మీద ఏదైనా ఒక్క ఖర్చు పెట్టదలిస్తే అది పెట్టండి.

షాపులో వేసింది అసలైన విండోస్ కాకుండా, ఎవరో కోసి చిన్నది చేసిన కాపీ అయితే నేను చెప్పినవేవీ పనిచేయకపోవచ్చు. అలాంటి వాటిలో అప్‌డేట్ భాగాలే తీసేసి ఉంటారు. లేని భాగాన్ని బాగుచేయడం ఎవరికీ సాధ్యం కాదు, లోపల ఇంకేం పెట్టారో తెలుసుకునే దారీ లేదు. లాప్‌టాప్ అడుగున విండోస్ స్టిక్కర్ ఉందేమో చూడండి, ఉంటే దాని మీది ప్రోడక్ట్ కీతోనే, మార్పులు చేయని డిస్కుతోనే వేయమని గట్టిగా అడగండి.

విండోస్ 10 ఉన్నవారి సంగతి కొంత వేరు. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. ఆ తరువాత కూడా భద్రతా అప్‌డేట్లు కావాలంటే, పొడిగింపు పథకంలో పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు సింక్ చేసుకునేవారికి డబ్బు కట్టనక్కర్లేని మార్గం కూడా ఉంది. అయితే ఆ నమోదు కనిపించాలంటే మీ విండోస్ 22హెచ్2 అనే చివరి వెర్షన్ అయి ఉండాలి. ఎప్పుడో 2019లో చేసిపెట్టుకున్న పెన్‌డ్రైవ్‌తో వేస్తే అది ఉండదు. ఇక్కడ నా సలహా ఒక్కటే. ఆ పెన్‌డ్రైవ్ పక్కన పెట్టి, మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటు నుంచి 22హెచ్2 తాజాగా దించి వేయండి. ఏళ్ల ఎడమంతా ఒక్క దెబ్బతో పోతుంది.

విండోస్ 10లో 0ఎక్స్80070643 అన్న ఎర్రర్ చాలామందిని విసిగించింది. 2024 జనవరిలో వచ్చిన కేబీ 5034441 దగ్గర ఇది మొదలైంది. ఆపదలో కంప్యూటర్‌ను బాగుచేసే ప్రోగ్రాములు డిస్కులో రికవరీ పార్టిషన్ అనే చిన్న భాగంలో ఉంటాయి. ఆ అప్‌డేట్ ఎక్కడానికి అందులో 250 ఎంబీ ఖాళీ కావాలి. పాత పద్ధతిలో విభజించిన డిస్కుల్లో అంత చోటు ఉండదు. సీ డ్రైవ్‌లో వంద జీబీ ఖాళీ ఉన్నా లాభం లేదు, కావలసింది అక్కడ కాదు. ఆ భాగాన్ని చేత్తో పెద్దది చేసుకోవాలి. పార్టిషన్ల పని తెలిసినవారి చేత, అదీ ఫైళ్లు వేరేచోట దాచుకున్నాకే చేయించండి.

విండోస్ 11 ఎక్కిస్తామని షాపువాళ్లు అంటారు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలని మైక్రోసాఫ్ట్ నియమం. అవి లేని సిస్టమ్‌లో అడ్డదారిన ఎక్కించవచ్చు కానీ, అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని ఆ సంస్థే చెబుతోంది. అప్‌డేట్ల కోసం పడే పాట్లలో ఇంకొకటి చేర్చుకోవడం ఎందుకు? నెట్ చూడడానికి, ఉత్తరాలు రాసుకోవడానికి అయితే విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ లాంటిది పాత యంత్రంలో చక్కగా నడుస్తుంది. అక్కడా పాత సీడీ వాడవద్దు. కాలం చెల్లిన ఉబుంటు లైనక్స్ సీడీతో వేస్తే, దాని ప్యాకేజీలు మామూలు సర్వర్ నుంచి పాత విడుదలల సర్వర్‌కు ఎప్పుడో తరలిపోయి ఉంటాయి. అప్‌డేట్ చేయబోతే ఫైలు దొరకలేదన్న సమాధానమే వస్తుంది.

విండోస్ 7కు మామూలు వాడుకరులకిచ్చే అప్‌డేట్లు 2020 జనవరి 14తో ముగిశాయి. నేను చెప్పిన పద్ధతిలో మీరు దాన్ని 2011 నుంచి అక్కడిదాకా తీసుకురాగలరు, అంతకు మించి కాదు. కనుక బ్యాంకు పనులు, ఆధార్ పనులు దాని మీద చేయవద్దు. ఆ డీటీపీ ఆయనకు కూడా ఇదే చెప్పాను. పేజ్‌మేకర్ పని ఆ సిస్టమ్ మీద, నెట్ కేబుల్ తీసేసి. మెయిల్, పేమెంట్లు వేరే దాని మీద. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో అటూ ఇటూ పోతాయి కాబట్టి ఆ పెన్‌డ్రైవ్‌ను ఆ రెండో సిస్టమ్‌లో స్కాన్ చేసి పెట్టమన్నాను.

ఒక చివరి పని. అప్‌డేట్లన్నీ ఎక్కి, ప్రింటర్, ఫాంట్లు, ప్రోగ్రాములు అన్నీ సర్దుకున్న రోజున కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ అండ్ రీస్టోర్‌లోకి వెళ్లి సిస్టమ్ ఇమేజ్ తయారుచేసుకోండి. విండోస్ 10లోనూ అదే పేరుతో ఉంటుంది. సీ డ్రైవ్ మొత్తం ఉన్నది ఉన్నట్టు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి వెళ్తుంది. రిపేర్ డిస్కు చేసుకోమని అడుగుతుంది, అదీ చేసుకోండి. డిస్కు మీద తేదీ, కంప్యూటర్ పేరు రాసి అంటించండి. ఈసారి సిస్టమ్ నెమ్మదించి షాపుకు తీసుకెళ్లినప్పుడు, వాళ్ల సొరుగులోని డిస్కు కాకుండా ఇది ఇచ్చి, దీని నుంచి రీస్టోర్ చేయమని చెప్పండి.